ఇనుముకి మైల

"ఒరే గణపతీ, ఆ జాకీ జారిందంటే ఏటవుతాదిరా?"

అప్పటికి జాకీ ఇంకా పెట్టనేలేదు. లారీ మా పెరట్లో తన చక్రాల మీద తను నిలబడే ఉంది. మా అబ్బాయి దాని ముందు భాగం కింద వెల్లకిలా పడుకుని చేత్తో ఏదో తడిమి చూస్తున్నాడు. జరిగింది అంతే. కానీ నా కళ్ళకి అప్పటికే జాకీ జారిపోయింది, లారీ కూలిపోయింది, వాడి కాళ్ళు రెండూ మాత్రం బయటికి కనబడుతున్నాయి.

"ఏటీ అవదే అమ్మా. నువ్వు లోనికెల్లు."

"అవదని కాయితం రాసిస్తావేటి?"

"రాసిస్తానే. తే కాయితం."

వంటింటి గుమ్మంలోంచి మా కోడలు నూకరత్నం నవ్వింది. "అత్తకి ఏడుపు ముందు, యిసయం ఎనక" అంది.

నేను అలాంటిదాన్నే. దాచుకోవడం ఎందుకు? చిన్నబడిలో నాలుగో తరగతి దాకా చదివాను. పేపరు కూడబలుక్కుని చదవగలను. చదివితే నాకు కనబడేవన్నీ ప్రమాదాలే. మా ఆయన పొలం నుంచి రావడం ఒక గంట ఆలస్యమైతే పాము కరిచిందనుకునేదాన్ని. ఆయన పాముతో పోలేదు, మంచం మీద మూడు రోజుల జ్వరంతో పోయాడు. నేను భయపడడం మరిచిపోయిందే వచ్చి ఆయన్ని తీసుకుపోయింది కదా అని, అప్పటినుంచి ఏదీ వదలకుండా అన్నిటికీ భయపడుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు మాఘమాసం అది. యుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత లారీ ఒకటి గణపతి కొన్నాడు. చోడవరం, బుచ్చయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళ బెల్లం ఎత్తుకుని అనకాపల్లి మార్కెట్టుకు తోలేవాడు. ఆ ఏడు దాని ముందు కమాన్లు రెండూ చచ్చుబడిపోయాయి. కమాను అంటే ఇనప పట్టీల కట్ట. విల్లులా వంగి, ఇరుసుకీ బండికీ మధ్య ఉంటుంది. గోతిలో పడ్డప్పుడు ఆ విల్లు అణిగి మళ్ళీ లేస్తేనే బండి నిలబడుతుంది. మా లారీకి ఒకవైపు రెండు పట్టీలు విరిగాయి, రెండోవైపు వంపే పోయింది. చూడ్డానికి అది ముందు మోకాళ్ళ మీద పడ్డ ఎద్దులా ఉంది.

అనకాపల్లి షెడ్డులో ఇస్తే పదిహేను రోజులన్నారట. బెల్లం రోజుల్లో పదిహేను రోజులంటే సగం ఏడాది తిండి.

"ఇంటికాడే ఇప్పుదాం. దావీదున్నాడు గదా" అన్నాడు గణపతి.

దావీదుది చర్చి పక్క పేట. యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి వచ్చాడు. యాభై దాటిన మనిషి, జుట్టు సగం నెరిసింది. పానాలన్నీ ఒక పాత దుప్పటి ముక్కలో చుట్టి సంకలో పెట్టుకుని వచ్చేవాడు. చోడవరం లారీల స్టాండులో ఉన్న ఐదారు బండ్లకీ అతనే వైద్యుడు. మాట తక్కువ. పని చేస్తున్నంతసేపూ పెదాల మధ్య ఏదో కీర్తన నలుగుతూ ఉండేది. మా ఇంట్లో అతనికి వేరే గ్లాసు ఉండేది. మంచినీళ్ళు తాగి, తనే కడిగి, గోడ మీద బోర్లించి వెళ్ళేవాడు. అది అలా ఉండవలసిందే అనుకునేదాన్ని నేను.

కమాన్లు తనే వెతికి, ఎడ్లబండి మీద వేయించుకుని తెచ్చాడు. దింపాక గణపతితో అన్నాడు:

"బాబూ, ముందుగానే సెప్తన్నాను. ఇవి పాడేరు ఘాటీలో పడిపోనాదే, ఆ లారీవి. బండి తుక్కయిపోనాది గానీ కమాన్లు కొత్తవి, బిగించి నెల తిరగనేదు. నేను సెప్పకపోతే రేపు ఎవులో సెప్తారు. నా మీద మాటొస్తాది."

"మనుషులేటైనా పోనారా?"

"ఇద్దరు. డ్రైవరూ, పక్కనున్నాయనా."

"అయ్యో పాపం" అన్నాడు గణపతి. అని, కమాను మీద సుత్తితో ఒక దెబ్బ వేసి, "గట్టిగున్నాయి" అన్నాడు. వాడి దుఃఖం అక్కడితో సరి.

నేను పెరటి అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నాను. నా చెయ్యి ఆగిపోయింది.

"ఒరే, సావు బండి ఇనుం మన బండికెందుకురా?"

"ఇనుంకేటి తెలుస్తాదే సావు?"

"తెలీదని నీకెలా తెలుసు?"

"అమ్మగారూ, నేను ప్రార్థన సేసుకునే కడతానండి" అన్నాడు దావీదు.

"మీ ప్రార్థన మా మైలకి పన్జేస్తాదేటి నాయనా?" అన్నాను. నూకరత్నం నవ్వింది. దావీదు కూడా కొంచెం నవ్వాడు. ఆ మాట అక్కడితో పోయింది, వాళ్ళకి.

నాకు పోలేదు. మా అమ్మమ్మ చెప్పేది, మైలపడితే మట్టికుండ పారెయ్యాలి, ఇత్తడికి చింతపండు, ఇనుముకి నిప్పు అని. మా మామగారు పోయినప్పుడు ఇంట్లో ఉన్న కత్తిపీట, అట్లకాడ, పలుగు, అన్నీ పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చి తీశాం. తర్వాత ఆ కత్తిపీటకి వంకాయ కూడా సరిగ్గా తెగేది కాదు. సాన పట్టించుకున్నాం గానీ ఎందుకలా అయిందని ఎవరూ అడగలేదు.

ఆ రోజు జాకీ పెట్టి, లారీ ముందు భాగం ఎత్తి, కింద చింతమొద్దులు పేర్చారు. నేను అరుగు మీదే కూర్చుని జాకీ వైపు చూస్తూ ఉన్నాను, నా చూపు తీస్తే అది జారిపోతుందన్నట్టు. జారలేదు. పాత కమాన్లు ఊడి వచ్చాయి. తెచ్చిన కమాన్లు రెండూ దావీదు విప్పి, పట్టీ పట్టీ విడదీసి, కిరసనాయిలుతో తుడిచి, పొడుగు వారీగా గోనెల మీద పరిచాడు. అన్నిటికన్నా పెద్ద పట్టీకి రెండు కొసలా గుండ్రంగా కళ్ళు చుట్టి ఉన్నాయి.

"ఈ పెద్ద పట్టీయే అసలు. బండిని పట్టుకునేది ఇదే. మిగతావన్నీ దీనికి అండ" అని గణపతికి చూపించాడు. నేనూ విన్నాను. వినకపోయినా బాగుండేది.

కమాన్లు బిగించే పెద్ద బోల్టులకి మరలు అరిగిపోయాయట. కొత్తవి తేవడానికి భోజనాలయ్యాక గణపతీ దావీదూ అనకాపల్లి బస్సెక్కారు. నూకరత్నం బట్టల మూట పట్టుకుని కాలవకి వెళ్ళింది. ఇంట్లో నేనూ, పెరట్లో ఎత్తి పెట్టిన లారీ, గోనెల మీద ఆ పట్టీలు. ఒక్కదాన్నే వాటి ముందు నిలబడితే, ఘాటీలో పోయిన ఆ డ్రైవరు తల్లి ఎవరో నా పక్కనే నిలబడినట్టనిపించింది. ఆవిడ కూడా నాలాగే భయపడి ఉంటుంది. కానీ ఏమీ చేసి ఉండదు. నేను చేస్తాను అనుకున్నాను.

మా పెరటి వెనకే చెరుకు తోట. దాని గట్టునే బెల్లం పొయ్యి. ఆ రోజు పెనం మీద పాకం ఉడుకుతోంది. కూలికి వచ్చే సన్యాసమ్మ పొయ్యి నోట్లోకి ఎండిన చెరుకు పిప్పి ఎగదోస్తోంది. పెద్ద పట్టీలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి నడుం మీద మోసుకెళ్ళాను. ఆ బరువు ఎలా మోశానో ఇప్పటికీ తెలీదు.

"ఇదేటి పెద్దమ్మా, ఈయాల ఇనుం వొండతావేటి?" అంది సన్యాసమ్మ.

"దోసం పోవాలే. పొయ్యిలో పెట్టు. ఎర్రగా అవ్వాల."

"బండి ఇనుం గదా ఇది. బాబుకి తెలుసా?"

"తెలియకపోతే ఏటి? నువ్వు పెట్టు. ఎవులకీ సెప్పకు."

"నాకేటి పని" అని పెట్టింది.

పిప్పి మంట తక్కువదేమీ కాదు. పాకం ఒక వాయి దిగేలోపల పట్టీలు మందారపువ్వు రంగుకి వచ్చాయి. నేను పొయ్యి ఎదురుగా కూర్చుని చూస్తూ ఉన్నాను. నిజం చెప్పాలంటే, ఎన్నో ఏళ్ళకి ఆ పూట నా గుండె కుదుటపడింది. నా కొడుకుని నేను కాపాడుకుంటున్నాను అనుకున్నాను. బూడిద లాగే పారతో వాటిని బయటికి లాగి, వేడి బూడిదలోనే చల్లారనిచ్చాం. పొద్దు వాలాక పసుపు నీళ్ళు చల్లి, తుడిచి, ఆముదం రాసి, మళ్ళీ మోసుకొచ్చి గోనె మీద ఉన్నచోటే పెట్టాను. మిగతా పట్టీలకి కూడా ఆముదం రాశాను, తేడా తెలియకుండా. ఆ చివరి పని చేసేటప్పుడే, నేను చేసేది దాచవలసిన పని అని నాకు తెలిసి ఉండాలి.

మర్నాడు పొద్దున్న దావీదు పని మొదలుపెట్టాడు. పెద్ద పట్టీ చేతిలోకి తీసుకుని బొటనవేలితో రాశాడు. నల్లటి పొట్టు రేకులా లేచి వేలికి అంటుకుంది. రెండో పట్టీ తీశాడు. అదీ అంతే. గొంతుకూర్చుని రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. కీర్తన ఆగిపోయింది.

"అమ్మగారూ" అన్నాడు, "వీటినెవులైనా నిప్పుల్లో పెట్టేరాండి?"

నేను అరుగు మీద ఉన్నాను. నా నోరు నన్ను అడక్కుండానే పలికింది. "ఏ నిప్పూ నేదు నాయనా. నిన్నంతా ఎండలో ఉన్నాయి. కొంచెం ఆవుదం రాసేను, తుప్పు పడతాదని."

"ఎండకి ఇలాగవదండి." దుప్పటి మూటలోంచి ఆకురాయి తీశాడు. "ఒక్కపాలి ఆకురాయి పెట్టి సూస్తాను. మెత్తబడితే గీత పడతాది."

గణపతి బోల్టులు పట్టుకుని వస్తున్నాడు. వాడికి తొందర. ఎల్లుండికి బెల్లం ఎత్తుతానని మాటిచ్చి ఉన్నాడు. "ఏటి దావీదూ, మా అమ్మ నేదని సెప్తంది గదా. మా అమ్మ అబద్ధం ఆడతాదేటి?" అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగానే.

దావీదు ఆకురాయి చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. ఒక్కసారి. నేను చేటలోకి చూశాను. చేటలో బియ్యం లేవు.

అతను ఆకురాయి మూటలో పెట్టేశాడు. కమాన్లు కట్టాడు.

మధ్యాహ్నానికి లారీ ముందు భాగం ఎత్తుగా లేచి నిలబడింది. నూకరత్నం హారతిచ్చింది. గణపతి స్టాండు దాకా ఒక చుట్టు తిప్పుకొచ్చి, "గుర్రంలాగున్నాదే అమ్మా" అన్నాడు. నేను చెంపలు వేసుకున్నాను.

రెండో రోజు దిమ్మల బెల్లం నిండా ఎత్తుకుని అనకాపల్లి బయల్దేరాడు. ఒంటిగంటవేళ సైకిలు మీద ఎవరో వచ్చి, "గణపతిరావు లారీ సేలో దిగిపోనాది" అని వీధిలోనే కేకేసి వెళ్ళిపోయాడు. మనిషి ఎలా ఉన్నాడో చెప్పలేదు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న కబురు అది. కానీ వచ్చినప్పుడు నేను అరుగు దిగలేదు. నూకరత్నమే పరిగెత్తింది.

సాయంత్రం వాడు నడిచి వచ్చాడు. నుదుటి మీద నాలుగు కుట్లు. చొక్కా మీద రక్తం, మోకాళ్ళ దాకా బురద. అనకాపల్లి ఇంకా మూడు మైళ్ళుందనగా, గతుకులో ముందు కమాన్లు రెండూ అణిగినవి అణిగినట్టే ఉండిపోయాయట. చక్రం మడ్‌గార్డుకి రాసుకుని, స్టీరింగు లాక్కుపోయి, బండి వరిచేలో దిగబడింది. బెల్లం సగం నీళ్ళ పాలు. "సేనంతా పానకమే" అన్నాడు, నవ్వబోయి నుదురు పట్టుకున్నాడు.

తర్వాత నవ్వలేదు.

"పట్టీ సూస్తే రొట్టెలాగ వొంగిపోనాదే. మెత్తని ఇనుం. అణా ఇనుం. ఆ దావీదుగాడు నన్ను సంపేద్దామనుకున్నాడు."

నేను నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. కొడుకు తిడతాడని కాదు. కోడలు నవ్వుతుందనీ కాదు. అన్ని భయాల్లోనూ, పాముల్లోనూ, జాకీల్లోనూ, నా కొడుకుని చంపబోయేదాన్ని నేనే అవుతానని నేను ఎప్పుడూ భయపడలేదు. ఆ మాట నా నోటితో నేను ఎలా అనను?

మర్నాడు ఎడ్లు కట్టి లారీని ఇంటికి లాక్కొచ్చారు. కబురు తెలిసి దావీదు వచ్చాడు. ఎవర్నీ పలకరించకుండా లారీ ముందు గొంతుకూర్చుని, వంపు పోయిన పట్టీని చేత్తో ఆ కొసనుంచి ఈ కొస దాకా నిమిరాడు. తల తిప్పి అరుగు వైపు చూశాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను. తలుపు వెనకనుంచి విన్నాను.

"నేను తెచ్చినప్పుడు మంచివే బాబూ" అన్నాడు.

"అయితే మా పెరట్లో సెడిపోనాయేటి? పెరట్లో ఏటుంది, కోడిపిల్లలు తినేసేయా? ఎల్లిపో దావీదూ. మళ్ళీ మా గుమ్మం తొక్కకు."

వెళ్ళిపోయాడు. నేను చేసింది అతనికి తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని అతనికీ తెలుసు.

గణపతి స్టాండులో చెప్పాడు. స్టాండులో చెబితే ఊరంతా చెప్పినట్టే. టీ హోటలు దగ్గర కూర్చునే డ్రైవర్లు దావీదు కనిపిస్తే, "ఏటి దావీదూ, పనసతొనలతో కమాన్లు కడతన్నావంట" అని నవ్వేవారట. నవ్వుతో ఆగలేదు. ఒక్క బండివాడూ అతన్ని పిలవడం మానేశాడు. అతని పెళ్ళాం వరమ్మ ఏటా మా తోటకి చెరుకు నరకడానికి వచ్చేది. ఆ వారం రాలేదు. మిగతా కూలీలు కూడా ఆ పేరు నా ముందు ఎత్తలేదు.

ఒక్క సన్యాసమ్మ ఎత్తింది. పొయ్యి దగ్గర బూడిద ఎత్తుతూ, తల ఎత్తకుండా, "పెద్దమ్మా, ఆ ఇనుం మరి..." అంది.

"నోర్ముయ్యవే."

"నేను మూసుకునే ఉన్నాను. మూసుకోమన్నది నువ్వు, మూసుకున్నది నేను, మాట పడ్డది దావీదు" అంది. అని బూడిద తట్ట నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిది రోజులు గడిచాయి. రోజూ పొద్దున్న లేవగానే ఇవాళ చెప్పేస్తాననుకునేదాన్ని. గణపతి పళ్ళు తోముకుంటుంటే, వాడు చద్దన్నం తిన్నాక అనుకునేదాన్ని. తిన్నాక, వాడి కట్టు విప్పాక అనుకునేదాన్ని. కట్టు విప్పితే గాయం కనబడేది. ఆ గాయం చూశాక ఇంక ఏమీ అనుకోలేకపోయేదాన్ని. తిండి తినేటప్పుడు వాడి ఎదురుగా కూర్చోవడం మానేశాను. "అమ్మకి నా నుదురు సూస్తే బెంగ" అన్నాడు వాడు పెళ్ళాంతో. జాలిగా అన్నాడు. దానికన్నా రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

పదో రోజు వాడు పాడైపోయిన పట్టీల్ని చెరుకు కత్తులైనా చేయిద్దామని కమ్మరి పరదేశి దగ్గరికి పట్టుకెళ్ళాడు. కాసేపటికి ఒక పట్టీ భుజం మీద వేసుకుని, మొహం ఎర్రగా చేసుకుని తిరిగొచ్చాడు. వెనక స్టాండు డ్రైవర్లు ఇద్దరు.

"పరదేశి ఏటన్నాడో తెలుసా? ఇది మంచి ఇనుమేనంట. ఎవులో ఎర్రగా కాల్చి, బూడిదలో సల్లార్చి, దాని పొగరంతా తీసేసేరంట. కాల్చిన పొట్టు సూపించేడు. అంటే తెలిసే సేసేడు ఆ దావీదుగాడు. ఎక్కడో వొంకరుంటే కాల్చి సరిసేసి, మంచిదని నాకు కట్టేడు. ఎవులైనా కాల్చేరాని నిన్నే అడిగేడు సూడు, ముందే మన మీదికి తోసెయ్యడానికి. ఎంత తెలివి."

"ఎక్కడికిరా?"

"పేటకి. ఈ పట్టీతోనే అడుగుతాను."

వాళ్ళు వెళ్ళిపోయారు. నూకరత్నం నా వైపు చూసి, "అత్తా, ఏటలా తెల్లబోనావు? కొట్టుకుంటారనా?" అంది. "ఎప్పుడూ లేనిపోనిదానికి ఏడ్సేదానివి. ఈయాల ఏడవ్వేటి?"

నేను చెప్పులేసుకోలేదు. కొంగు నడుముకి దోపుకుని వీధిలోకి వచ్చేశాను.

నలభై ఏళ్ళు చోడవరంలో కాపురం చేసి నేను ఎన్నడూ ఆ పేటలో కాలు పెట్టలేదు. చర్చి దాటాక ఎటు వెళ్ళాలో తెలియక నిలబడితే, అరుపులే దారి చూపించాయి. దావీదు ఇంటి ముందు జనం. చిన్న తాటాకుల ఇల్లు, అలికిన వాకిలి. దావీదు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గణపతి పట్టీని అతని కాళ్ళ దగ్గర పడేసి ఉన్నాడు.

"కాల్చింది ఎవుడు? సెప్పు. సెప్పకపోతే ఈయాల నిన్ను స్టాండుకి నడిపించుకెల్తాను."

దావీదు తల ఎత్తాడు. జనం మధ్య నుంచి తోసుకుని వస్తున్న నన్ను చూశాడు. మీ అమ్మనే అడగండి బాబూ, అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. నా వైపు నుంచి చూపు తిప్పేసుకున్నాడు, నన్ను చూడనట్టు. నన్ను కాయడానికి అలా చేశాడో, నా మొహం చూడడం ఇష్టంలేక చేశాడో నాకు తెలీదు.

"నేనేరా" అన్నాను.

గణపతి వెనక్కి తిరిగాడు. "నువ్వెందుకొచ్చేవే ఇక్కడికి?"

"నేనే కాల్చేను. బెల్లం పొయ్యిలో. మీరు అనకాపల్లి ఎల్లినప్పుడు. సావు మైల పోవాలని. దావీదడిగితే నేదన్నాను. అబద్ధం ఆడేను. నీ బండి సేలో పడింది నా వల్ల. నీ నెత్తురు నా వల్ల."

చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది గానీ అనడానికి ఊపిరి తీసుకున్నంతసేపు పట్టలేదు. డ్రైవర్లలో ఒకడు బీడీ పారేశాడు. ముందుగా పలికింది వరమ్మ. గుమ్మంలోంచి మొగుడిని పక్కకి తోసుకుని వచ్చింది.

"తొమ్మిది దినాలు నోట్లో ఏటెట్టుకున్నావమ్మా? నా మొగుడు ఆదివారం గుడికి రావడం మానేసేడు. వొంట్లో బాగోనేదన్నాడు. వొంటికేటీ నేదు, మొహమే నేదు. నలుగురిలో తిరిగే మొహం. అది నువ్వు తీసుకుపోనావు."

"అవునమ్మా" అన్నాను.

"అవునంటే సరిపోద్దా?"

"సరిపోదు. స్టాండులో సెప్తాను. ఇప్పుడే ఎల్లి సెప్తాను. ఎన్నిసార్లు సెప్పమంటే అన్నిసార్లు సెప్తాను."

గణపతి నన్ను చూడలేదు. నేలమీద పడేసిన పట్టీని చూస్తున్నాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు దొంగతనం చేసి దొరికిపోయినా వాడి మొహం అలా లేదు. ఆ సిగ్గు వాడిది కాదు, నాది. వాడి మొహం మీద అది చూడడం నా మొహం మీద ఉంచుకోవడం కన్నా కష్టంగా ఉంది.

"దావీదూ" అన్నాడు చివరికి, నేల చూస్తూనే. "తప్పయిపోనాది. స్టాండులో నేనే సెప్తాను, అమ్మని సెప్పనియ్యను."

"అమ్మగారే సెప్పాల" అంది వరమ్మ.

"నేనే సెప్తానురా" అన్నాను.

"సరే" అన్నాడు వాడు. కాసేపు ఆగి, "బండి అలాగే పడున్నాది. సీజను ఇంకా నెలుంది. కమాన్లు మళ్ళీ కట్టాల. కడతావా?" అన్నాడు.

దావీదు గుమ్మం దిగి వచ్చి, పట్టీ పక్కన గొంతుకూర్చున్నాడు. దాన్ని తిరగేశాడు. పొట్టు లేచినచోట వేలితో గీశాడు. గణపతి నిలబడే ఉన్నాడు. జనంలో ఎవరో దగ్గారు. పక్కింటి మేక ఒకటి వచ్చి పట్టీని వాసన చూసి వెళ్ళిపోయింది. ఎండ నా నడినెత్తి మీద ఉంది. కట్టనంటాడు అనుకున్నాను. అంటే న్యాయమే అనుకున్నాను. మా గుమ్మం తొక్కొద్దన్నది మేమే కదా. వరమ్మ అతని వీపు వైపే చూస్తోంది. గణపతి ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చాడు. మళ్ళీ అడగబోయి, ఊరుకున్నాడు.

దావీదు లేచి, చేతులు పంచెకి తుడుచుకుని, అప్పుడు పలికాడు.

"మీ ఇంటికి రాను బాబూ. బండి ఇక్కడికి తెండి, ఈ వాకిట్లో కడతాను. కట్టినంతసేపూ అమ్మగారు వచ్చి ఇక్కడే కూకోవాల. నేనేటైనా అడిగితే, నిజం సెప్పాల."